ముందు కంచె, చివర కోడి

(పట్టణ గ్రంథాలయంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పెరటి కోళ్లు, కూరగాయల పెంపకం మీద విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన తమ్ముడు "అభ్యుదయ రైతు" అన్నాడు. ఆ మాట వినగానే వెనక వరుసలో మా వారు నవ్వడం ఇక్కడి నుంచి కనబడింది. నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఉద్యోగ విరమణ తర్వాత మా అత్తగారి ఊరి ఇంటికి వచ్చి స్థిరపడ్డాం. ఇల్లు పోను పన్నెండు సెంట్ల దొడ్డి ఉంది. అందులో రెండు సెంట్లలో కూరగాయలు, ఒక మూల ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. మిగతాది చెట్లు, గడ్డి, మా వారి పడక కుర్చీ. దీన్ని సేద్యం అంటే మా ఊరి రైతులు నొచ్చుకుంటారు.

ఈ మధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. ఊరి చివర స్థలం కొన్నాం టీచరుగారూ, ఇల్లు కట్టుకున్నాం, మందులు కొట్టని కూరగాయలు తినాలనుంది, నాలుగు కోళ్లు పెంచాలనుంది అంటారు. మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే. "పిల్లలు ఎక్కడ దొరుకుతాయి?" అది చివర అడగవలసిన ప్రశ్న. ముందు కంచె కట్టాలి. తర్వాత మట్టి సంగతి చూడాలి. ఆ మట్టిలో కూరగాయలు ఒక కాపు కాయాలి. అప్పుడు కోళ్లు రావాలి. నేను దీన్ని పూర్తిగా తలకిందులుగా చేశాను. పిల్లలు ముద్దుగా ఉంటాయి, కంచె ముద్దుగా ఉండదు. అదే కారణం, వేరే ఏమీ లేదు.

ఆ మొదటి ఏడాది సంగతి చెబుతాను. డిసెంబరులో ఇరవై వనరాజా పిల్లలు తెచ్చాను, ఒక్క రోజు వయసువి. వనరాజా గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే రూపొందించిన కోడి అది. గ్రామప్రియ కూడా అక్కడిదే. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది, గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. అట్టపెట్టెలో ఊక పోసి, పైన బల్బు వేలాడదీసి, పిల్లలను వదిలాను. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. నాకు మెలకువ రాలేదు. తెల్లవారి చూస్తే పిల్లలన్నీ పెట్టె మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున ఉన్న ఏడు చచ్చిపోయాయి. చలికి కాదు, ఊపిరాడక.

పెట్టెకు మూలలు ఉండడమే నా తప్పు అని పక్కింటి పెద్దమ్మ చెప్పింది. ఆవిడ బడికి పోలేదు. కానీ ఆవిడ చిన్నప్పటి నుంచీ పిల్లలను గుండ్రటి గంప కిందే పెట్టేవారట. గుండ్రంగా ఉంటే నక్కడానికి మూల దొరకదు. నేను ముప్పై రెండేళ్లు వృత్తం గురించి పాఠం చెప్పాను, చూడండి. (నవ్వులు) ఇప్పుడు అట్టముక్కలను వంచి వలయంగా నిలబెట్టి మధ్యలో బల్బు పెడతాను. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, ఆపైన వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పరవాలేదు. పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. బల్బుకు దూరంగా అంచులకు పోయి నోరు తెరుచుకుంటే వేడి. అటూ ఇటూ చెదిరి తింటూ తాగుతూ ఉంటే సరిపోయింది. కరెంటు పోతే పెట్టడానికి కుండలో నిప్పులు వేసి పైన మూకుడు బోర్లించే పాత పద్ధతి ఉంది, పొగ లేకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే మంచి బల్బు ఏదో తెలుసా? పొదుగుకు వచ్చిన నాటు పెట్ట. వనరాజా, గ్రామప్రియ పెట్టలు సాధారణంగా పొదగవు. గుడ్లు ఎక్కువ పెట్టాలని ఎంపిక చేసుకుంటూ వచ్చిన కోళ్లలో ఆ గుణం పోయింది. అందుకే నేను మూడు నాటు పెట్టలను ఉంచుకుంటాను. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. కానీ పది పన్నెండు గుడ్లు కింద పెడితే 21 రోజులు కదలకుండా కూర్చుంటుంది. రోజుకు ఒక్కసారి లేచి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, వెంటనే వెనక్కి వెళుతుంది. ఆ వేడి, ఆ తేమ, గుడ్లను తిప్పే లెక్క, ఏ యంత్రమూ ఇంత చవగ్గా చేయదు. మరో కిటుకు కూడా ఉంది. బయటి నుంచి తెచ్చిన ఒక్కరోజు పిల్లలను చీకటి పడ్డాక ఆ పెట్ట రెక్కల కిందికి ఒక్కొక్కటిగా జరపండి. ఉదయానికి లెక్క పెట్టుకోదు, అన్నీ నావే అనుకుంటుంది. పగలు చేస్తే మాత్రం పొడుస్తుంది. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చి ముందు పెట్టి చూడండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉంటే తీసేయండి, దాని కింద చోటు వృథా.

సరే, నా పదమూడు పిల్లల కథకు వద్దాం. అందులో రెండింటిని ముంగిస తీసుకుపోయింది. గూటికి కోళ్ల జాలీ అని అమ్మే పెద్ద కన్నుల జాలీ కొట్టించాను. అది కోడి బయటికి రాకుండా ఆపుతుంది, ముంగిస లోపలికి రాకుండా ఆపలేదు. అర అంగుళం కన్ను ఉన్న జాలీ కావాలి. పాముకు కూడా అదే మందు. గూడు నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున రాళ్ల మీద ఉండాలి. లోపల పడుకోవడానికి అడ్డకర్ర ఉండాలి, ఎందుకంటే కోడికి రాత్రి ఎత్తున ఉంటేనే నిద్ర. తలకు రెండు చదరపు అడుగులు లెక్క వేసుకోండి. గుడ్లు పెట్టడానికి మా ఇంట్లో రెండు పాత కుండలు పక్కకు వాల్చి గడ్డి పరిచాం. ఎనిమిది పెట్టలకూ అవే చాలు. నిజానికి ఎనిమిదీ ఒకే కుండ కోసం కొట్టుకుంటాయి, రెండోది ఖాళీగా ఉంటుంది. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కోడికీ కూరకూ పడదు. ఈ మాట ఎవరూ చెప్పరు. ఫొటోల్లో మాత్రం తోటకూర మడిలో కోళ్లు తిరుగుతూ ఉంటాయి, పక్కన బుట్టలో గుడ్లు. ఆ ఫొటో తీసిన పది నిమిషాల తర్వాత ఆ మడి ఎలా ఉందో ఎవరూ ఫొటో తీయరు. మార్చి నెల, నేను వంగ, టమాటా నారు నాటాను. అన్నీ కలిపి రెండు వందల మొక్కలు. వరుసలు తాడు పట్టి గీశాను, లెక్కల టీచరును కదా. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఒక్క మొక్క నిలబడి లేదు. తిన్నాయా అంటే అదీ లేదు. నీళ్లు పెట్టిన మెత్తటి మట్టి కనబడితే కోడి కెలుకుతుంది. దానికి మొక్క అడ్డం, అంతే. రెండు కాళ్లతో వెనక్కి గీకి, ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను వంచి చూస్తుంది, వానపాము ఉందా అని. నా వంగ నారంతా వానపాముల వేటలో పోయింది.

ఆ రోజు నేను కోళ్లను అమ్మేద్దామన్నాను. మా వారు కూరగాయలు మానేద్దామన్నారు. పక్కింటి పెద్దమ్మ తడిక కట్టమంది.

కంచె గురించి కొంచెం సేపు చెప్పనివ్వండి, దీని మీద నాకు ఐదేళ్ల అనుభవం ఉంది, అందులో మూడేళ్లు ఓటమే. అయిదు అడుగుల ఎత్తు ఉండాలి. తాటాకు తడిక, వెదురు తడిక, పాత చేపల వల, ఏదైనా సరే. కానీ పైన గట్టి కర్ర కనబడకూడదు. కోడి కంచె మీదుగా ఒకేసారి ఎగరదు, పైన వాలడానికి చోటు చూసి, అక్కడికి ఎగిరి, అక్కడి నుంచి అవతలికి దూకుతుంది. పైఅంచు వదులుగా, వేలాడుతూ ఉంటే దానికి నమ్మకం కుదరదు. అడుగున ఇటుకలు పేర్చండి, లేకపోతే కింద గుంట చేసి దూరుతుంది. అయినా ఎగిరే మొండి ఘటం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దానికి ఒక్క రెక్కలోని పొడుగాటి ఈకలు సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే సమతూకంతో ఎంతో కొంత ఎగురుతుంది, ఒక్కటే కత్తిరిస్తే పక్కకు ఒరిగిపోతుంది. నొప్పి ఉండదు, మన గోళ్లు తీసినట్టే. మూలం దగ్గర రక్తం ఉన్న కొత్త ఈకను మాత్రం ముట్టుకోవద్దు.

కంచె కట్టాక మూడో ఏడు తెలిసింది, కంచె సగం పని మాత్రమే అని. మిగతా సగం గడియారం. మా ఇంట్లో కోళ్లకు ఒక టైంటేబుల్ ఉంది. (నవ్వులు) నవ్వకండి, గోడ మీద అంటించాను కూడా. ఉదయం పదింటి వరకు అవి గూటి ముందున్న ఆవరణలోనే. గుడ్లు ఎక్కువగా ఆ వేళకే పెడతాయి కాబట్టి గుడ్లు పొదల్లో వెతుక్కునే పని తప్పుతుంది. పది తర్వాత దొడ్డిలో చెట్ల కింద తిరుగుతాయి. సూర్యాస్తమయానికి గంట ముందు తోట తలుపు తీస్తాను. ఆ గంటలో అవి పురుగుల మీద పడతాయి. సాయంత్రం పొట్ట నింపుకుని పడుకోవాలన్న తొందర, చీకటి పడితే గూటికి చేరాలన్న తొందర, రెండూ ఉంటాయి కాబట్టి ఒకే చోట నిలబడి గుంటలు తవ్వే తీరిక ఉండదు. చీకటి పడగానే వాటంతట అవే వెళ్లిపోతాయి, తరమనక్కరలేదు. అయితే మోకాలి ఎత్తు పెరిగిన మొక్కలున్న మడులకే ఆ అనుమతి. ఆకుకూరలకు, నారుకు లోపల మరో చిన్న వల ఉంటుంది. టమాటా పండితే ఆ మడి కూడా మూసేయాలి, ఎర్రరంగు చూస్తే కోడి ఆగదు.

ఏదైనా మడిలో కాపు అయిపోయిందనుకోండి, ఆ మడిని కోళ్లకు పూర్తిగా అప్పగిస్తాను. అడుగు లేని తేలికపాటి వెదురు పంజరం ఒకటి ఉంది, దాన్ని మడి మీద పెట్టి పగటిపూట నాలుగు పెట్టలను అందులో వదులుతాను. ఎండిన బెండ మొక్కలు, కలుపు, కలుపు విత్తనాలు, మట్టిలోని పురుగుల ప్యూపాలు, అన్నీ వారంలో శుభ్రం. ఆ వారం నాకు పార పట్టే పని లేదు. నా రెండు వందల నారు మొక్కలను నాశనం చేసిన కాళ్లే ఇవి. అప్పుడూ అదే పని చేశాయి, ఇప్పుడూ అదే పని. తేదీ మారిందంతే.

ఎరువు గురించి ఇంకో తప్పు ఒప్పుకోవాలి. కోడి పెంట బలమైన ఎరువు అని విని, గూటి కింద తీసిన పచ్చి పెంట నేరుగా మిరప మొదళ్లలో వేశాను. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. పశువుల పేడలో కంటే కోడి పెంటలో నత్రజని చాలా ఎక్కువ. కోడికి మూత్రం వేరుగా ఉండదు, పెంట మీద కనిపించే ఆ తెల్లటి పూతే అది. మట్టిలో త్వరగా అమ్మోనియాగా మారి వేళ్లను కాలుస్తుంది. ఇప్పుడు గూటిలో రెండు అంగుళాల వరి ఊక పరుస్తాను, పెంట దానితో కలిసిపోతుంది. ముక్కుకు ఘాటు తగిలితే ఊక తడిసిందని అర్థం, తిరగేసి పొడి ఊక వేయాలి. ఆ ఊకను తీసి, ఎండుటాకులతో పొరలు పొరలుగా గుంటలో వేసి, తడి ఆరకుండా చూసి, మూడు నెలలు ఆగుతాను. అప్పటికి నల్లగా, పొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. ఒక పెట్ట రోజుకు సుమారు వంద గ్రాముల పెంట వేస్తుంది. తొమ్మిదింటికి ఏడాదికి మూడు వందల కిలోలు దాటుతుంది. అందులో సగం గూటిలోనే దొరుకుతుంది. రెండు సెంట్లకు అది చాలు, నేను బయటి నుంచి ఎరువు కొనడం మానేసి మూడేళ్లయింది. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మడుల్లో మాత్రం బాగా చివికిన ఎరువు తప్ప వేయవద్దు. పచ్చి పెంటలో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు.

ఇక కూరగాయలు. ఇది మీకు కొత్త కాదు, మనలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు గోంగూర వేసే ఉంటారు. రెండు మూడు మాటలే చెబుతాను. మడి వెడల్పు నాలుగు అడుగులకు మించకూడదు, అటు నుంచీ ఇటు నుంచీ చేయి మధ్యకు అందాలి. మడిలో కాలు పెట్టామంటే మట్టి బిగుసుకుంటుంది. ఆకుకూరలు మొత్తం ఒకేసారి చల్లవద్దు. తోటకూర నెల లోపే కోతకు వస్తుంది, పదిహేను రోజులకు ఒక చిన్న మడి చొప్పున చల్లుకుంటే ఏ వారమూ ఖాళీ ఉండదు, ఏ వారమూ ఊరంతా పంచవలసిన అవసరమూ ఉండదు.

కాలం ముఖ్యం. చిక్కుడు పాదు పెట్టి వేసవి అంతా నీళ్లు పోసి పూత రాలేదని ఒకరు నాతో బాధపడ్డారు. మన నాటు చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితే తప్ప పూయదు. ఆషాఢంలో గింజ పెడితే కార్తికంలో పూత, సంక్రాంతికి కోసినంత కాయ. ఎన్ని ఎరువులు వేసినా అది పంచాంగం తప్పదు. పొట్లకాయ వంకర తిరుగుతుంటే పిందె కొసకు చిన్న రాయి కట్టండి, నిటారుగా దిగుతుంది, ఇది మీ అమ్మమ్మలు చేసిందే. బీరకు పూలు వచ్చి పిందెలు రాలిపోతున్నాయంటే పరపరాగ సంపర్కం జరగడం లేదన్నమాట. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, సొర పువ్వు కూడా అంతే. గుమ్మడి, దోస ఉదయం పూస్తాయి. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, లేనిది మగపువ్వు. మగపువ్వు తుంచి రేకులు తీసేసి ఆడపువ్వుకు రాయండి. బీరకు ఆ పని ఉదయం చేద్దామని వెళితే పువ్వు వాడిపోయి ఉంటుంది.

మా గూటి పైకప్పు రేకు. మేలో దాని కింద కోళ్లు రెక్కలు దూరంగా పెట్టి ఆయాసపడేవి. గుడ్లు తగ్గాయి, పెట్టినవాటికి పెంకు పలచన. కోడికి చెమట పట్టదు, నోటితో రొప్పుతూనే ఒళ్లు చల్లార్చుకోవాలి. అలా రొప్పడం వల్ల ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకు తయారవడానికి కావలసిన ముడిసరుకు కరువవుతుంది. ఇప్పుడు ఫిబ్రవరిలోనే గూటి పక్కన సొర, బచ్చలి పాదులు పెట్టి రేకు మీదికి పాకిస్తాను. మొదలు చుట్టూ నాలుగు ఇటుకలు నిలబెడితే చాలు, పైన తీగ కోళ్లకు అందదు. ఏప్రిల్‌కల్లా రేకు కనబడదు. కోళ్లకు నీడ, మాకు సొరకాయలు. మేత ఎండ ఎక్కకముందు, ఎండ దిగాక మాత్రమే. మట్టి కుండలో నీళ్లు రెండు పూటలా మార్చాలి.

మేతకు వస్తే, నూకలు, తౌడు, కొన్ని జొన్నలు, వంటింట్లో మిగిలిన ఆకులు, తొక్కలు. పెంకు కోసం గుడ్డు పెంకులనే ఎండబెట్టి పొడి చేసి వేస్తాను, నత్తగుల్లల పొడి దొరికితే అదీ. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క కోళ్లకు పోయకండి. పారేయడం ఎందుకని పోస్తారు. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాలేయం దెబ్బతింటుంది. పిల్లలకు మాంసకృత్తుల కోసం పెద్దమ్మ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. పాత కుండలో ఎండు పేడ, గోనెసంచి ముక్క, గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు ఉన్న చోట సాయంత్రం బోర్లించండి. పొద్దున్న కుండ తెరిచి పిల్లల ముందు దులపండి. చెదపురుగులు తినడానికి అవి పడే ఆరాటం చూస్తే మీకు కాఫీ గుర్తుండదు. అలాగే వంగలో కొమ్మ చివర వాలిపోతే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. ఆ కొమ్మను రెండు అంగుళాల కిందికి తుంచి కోళ్ల ముందు వేయండి. తోటలో మందు కొట్టారో, ఆ మందు తిన్న పురుగును కోడి తింటుంది, ఆ కోడి గుడ్డు మీ మనవడు తింటాడు.

రోగాల సంగతి క్లుప్తంగా చెబుతాను, నేను డాక్టరును కాను. కానీ ఒక్క దాని గురించి చెప్పకపోతే తప్పు. కొక్కెర తెగులు. దీన్నే రాణిఖెత్ అంటారు, ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరు అది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనాలు, గురక, మెడ మెలితిరగడం. ఊళ్లోకి వస్తే ఒక్క వారంలో గూళ్లు ఖాళీ అవుతాయి. మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క కంట్లో, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారం దాటాక ఆర్2బి అనే టీకా ఇంజెక్షను. మధ్యలో గంబోరో అనే మరో కోళ్ల జబ్బుకు, ఆ తర్వాత కోళ్ల మశూచికి టీకాలు ఉన్నాయి, పశువైద్యశాలలో అడిగితే తేదీలు రాసిస్తారు. చిక్కు ఏమిటంటే, టీకా సీసాలో కనీసం వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మనకు ఉండేవి పది. అందుకే మా వీధిలో ఏడు ఇళ్ల వాళ్లం ఒక తేదీ పెట్టుకున్నాం. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య సీసా తెస్తాం, ముందురోజు రాత్రి ఎవరి కోళ్లు వారు గూట్లో మూసి ఉంచుతారు. ఊళ్లో రాజకీయాలకు కుదరని ఐకమత్యం కోళ్ల టీకాకు కుదిరింది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పెద్ద ఫారాల గురించే అందరూ మాట్లాడుకున్నారు. వ్యాధి నిర్ధారణ అయిన చోటుకు ఒక కిలోమీటరు పరిధిలో కోళ్లన్నిటినీ చంపి పూడ్చేస్తారు, పెరటి కోళ్లకు కూడా మినహాయింపు ఉండదు. కాబట్టి కారణం తెలియకుండా కోళ్లు వరసగా చచ్చిపోతే కాలవలో పారేయకుండా పశువైద్యుడికి చెప్పండి. ఆ చచ్చిన కోడిని కోసుకుని తినే అలవాటు మాత్రం ఇకనైనా మానాలి. ఉన్నమాట చెబుతున్నాను, ఎవరినీ ఉద్దేశించి కాదు.

ప్రశ్నలు అడగండి.

(పుంజు లేకుండా గుడ్లు పెడతాయా అని ఒకరు అడిగారు.)

పెడతాయమ్మా. పుంజు లేకపోయినా గుడ్డు పెడుతుంది, అది పిల్ల అవదు, అంతే. పిల్లలు అక్కరలేకపోతే, పక్కింటి వారికి తెల్లవారుజామున కూత ఇష్టం లేకపోతే, పుంజు లేకుండానే పెంచుకోండి. పుంజుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మనకు పుంజు రంగులకు ఎన్ని పేర్లు! డేగ, నెమలి, కాకి, పర్ల, సేతువ. సంక్రాంతికి వాటి కోసం లక్షలు చేతులు మారతాయి. ఏడాదంతా గుడ్లు పెట్టే పెట్టకు మాత్రం పెట్ట అన్న పేరొక్కటే.

(లాభం ఎంత వస్తుందని మరొకరు అడిగారు.)

ఈ ప్రశ్న కోసమే నోటుబుక్కు తెచ్చాను. మొదటి ఏడాది ఐదు పెట్టలు మిగిలాయి, 210 గుడ్లు పెట్టాయి. మేతకు 4,000 రూపాయలు ఖర్చయింది. గూటి ఖర్చు కలపకుండానే గుడ్డు ఒక్కటి 19 రూపాయలు పడింది. అప్పుడు కొట్టులో గుడ్డు 6 రూపాయలు. మిగిలిన ఆరు పుంజుల మాంసం కూడా లెక్క కట్టమని మా వారు పోరు పెట్టారు, నేను కట్టలేదు. పోయిన ఏడాది ఎనిమిది పెట్టలు, అందులో ఐదు గ్రామప్రియలు, మూడు నాటువి. 812 గుడ్లు. మేతకు 3,600 రూపాయలు. గుడ్డు నాలుగున్నర రూపాయలు పడింది. గుడ్లు పెరగడం ఒక కారణం, తోట ఇంకో కారణం. అందులోని పురుగు, కలుపు, ముదిరిన ఆకు కొట్టులో కొనవలసిన మేతను సగానికి తగ్గించాయి. తలకు ఏడాదికి 180 గుడ్లు తినాలని జాతీయ పోషకాహార సంస్థ వారి సిఫారసు. మా ఇద్దరికీ 360 చాలు, మిగిలినవి పెద్దమ్మకు, మనవలకు. నేను అమ్మలేదు, కాబట్టి లాభం అనే కాలమ్ నా నోటుబుక్కులో లేదు. అమ్మాలనుకునేవారు వంద కోళ్లు పెంచుతారు, అది వేరే లెక్క, దానికి నేను సరైన మనిషిని కాను.

(పెంచిన కోడిని కోసుకోగలమా అని వెనక వరుస నుంచి ఒక ప్రశ్న వచ్చింది.)

పేరు పెట్టకపోతే కోసుకోగలరు. మా మనవడు వేసవి సెలవులకు వచ్చి ఒక పుంజుకు పేరు పెట్టి వెళ్లాడు. ఆ పుంజుకు ఇప్పుడు నాలుగేళ్లు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు, మా వారి కుర్చీ కింద పడుకుంటుంది. ప్రతి ఆదివారం వీడియో ఫోన్‌లో వాడు దాన్నే ముందు చూపించమంటాడు. పేరు లేనివాటిని మాత్రం... సరే, ఇక్కడ శాకాహారులు కూడా ఉన్నారు, ఆపుతాను.

ఆ బల్ల మీద కాగితం పొట్లాల్లో చిక్కుడు, గోంగూర, నాటు బీర విత్తనాలు పెట్టాను. ఇంటికి ఒక్కొక్కటి తీసుకోండి. కోళ్లు ఇప్పటికే ఉన్నవారు మాత్రం కంచె కట్టి నాకు ఫొటో పంపాక తీసుకోండి. మిగతా ప్రశ్నలుంటే బస్టాండు దాకా నాతో నడుస్తూ అడగండి. మూడున్నర బస్సు అందుకోవాలి. అయిదు గంటలకు నేను తోట తలుపు తీయకపోతే అవి కంచె దగ్గర వరసగా నిలబడి అరుస్తాయి, మా వారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇంట్లో తీసేవారు ఎవరూ లేరు.